మంగళవారం రాత్రి ఎవరు పడుకున్నారు

మెడలో గుర్తింపు కార్డు, చంకలో ఫారాలు,
కుక్కలున్న ఇళ్ళకి ఎర్రచుక్క పెట్టిన పటం.
ఆగస్టు చలిలో నూట అరవై తలుపులు నా వంతు.
అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే:
మంగళవారం రాత్రి ఈ ఇంట్లో ఎవరు పడుకున్నారు?

ఊరి పేరు వారిన్‌డేల్.
మెల్‌బోర్న్‌కి రైల్లో గంటా పది నిమిషాలు,
స్థలాలమ్మేవాడి బోర్డు మీద ముప్పావు గంట.
ఉల్లి పండిన నేల మీద ఇప్పుడు వీధులు,
వీధులన్నిటికీ పక్షుల పేర్లు.
మిగిలిన పక్షి మ్యాగ్‌పై ఒక్కటే,
దాని పేరు ఏ వీధికీ పెట్టలేదు.

కార్మెనా బుట్టిజిగ్, ఎనభై రెండేళ్ళు, మాల్టా మనిషి.
‘ఒక్కదాన్నే’ అంది.
వెనక గరాజ్‌లో లైటు వెలుగుతోంది.
నేను చూడటం ఆమె చూసింది.
‘ఒక్కదాన్నే’ అంది మళ్ళీ, కాస్త గట్టిగా.
పెన్షన్ కోసేస్తారని భయం కాబోలు.
ఒకటి అని రాసుకున్నాను.

పక్కింట్లో హర్‌కీరత్, ఇంకో ముగ్గురు డ్రైవర్లు.
నాలుగు పేర్లు, రెండు మంచాలు.
ఆ ఇంట్లో పరుపు చల్లారదు.
‘మంగళవారం రాత్రి ఎవరూ పడుకోలేదక్కా,
గోదాము నుంచి గోదాముకి తోలుతూనే ఉన్నాం.
పగలు పడుకున్నాం. పగటికి గడి ఉందా?’
తెల్లారి ఇంటికొస్తే పడుకున్నట్టే, నిబంధన అది.
నిబంధనకి ఎప్పుడూ కంటినిండా నిద్రే.

లాక్లన్ కార్ల ఫ్యాక్టరీలో రంగులేసేవాడు.
అది మూతబడ్డాక గేటు బొమ్మ మోచేతి మీద పచ్చ పొడిపించుకున్నాడు.
కిందటి వారం పని చేశారా?
‘చేశాను. వీధి మొత్తం చెత్త డబ్బాలు లోపల పెట్టాను.’
జీతం?
‘పద్నాలుగో నెంబరావిడ నిమ్మకాయలిచ్చింది.’

రోవెనాకి మూడు ఉద్యోగాలు, మూడూ ముసలివాళ్ళని లేపి కూర్చోబెట్టేవే.
ముఖ్యమైన ఉద్యోగం ఏదో రాయమంది ఫారం.
‘ఎక్కువ గంటలదా, ఎక్కువ నడుంనొప్పిదా?’
నా శిక్షణ పుస్తకంలో దానికి జవాబు లేదు.

న్యాన్‌దెంగ్ ఇంట్లో పదకొండు మంది.
ఫారంలో చోటు ఆరుగురికే.
రెండోది ఇస్తే పెద్దపిల్ల తీసి చూసుకుంది,
తను ఏ కాగితంలోకి వస్తుందో అని.
పెద్దవాళ్ళందరి పుట్టినరోజూ జనవరి ఒకటే,
శిబిరంలో గుమాస్తా అలా పుట్టించాడు.
‘ఒకటే కేకు, ఖర్చు తక్కువ’ అని నవ్వింది ఆవిడ.

ఫించ్ వీధిలో పద్దెనిమిదో ఇల్లు.
ఆరింటికి దీపాలు వాటంతటవే వెలుగుతాయి,
పదింటికి వాటంతటవే ఆరిపోతాయి.
నాలుగు పడగ్గదులు, పడుకునే దిక్కు లేదు.
ఈతకొలను పక్కన కారు, అద్దాల మీద లోపలి ఆవిరి.
‘చిరునామా ఏం రాయను?’ అందామె, వెనక సీట్లో పిల్లాడు లేస్తాడని గొంతు తగ్గించి.
మూడో దీపస్తంభం అని నేనే రాశాను.

వచ్చే ఏడు వీళ్ళంతా ఒక పట్టికవుతారు.
నడిమి వయసు, నడిమి ఆదాయం, ఇంటికి సగటున ముగ్గురూ చిల్లర.
ఆ చిల్లర మనిషికి నేనెక్కడా తలుపు కొట్టలేదు.
కాకిలెక్క అనేది మా మేనత్త ఇలాంటివాటిని.
కాకులైతే కనీసం పిలుచుకుని తింటాయి.

ఇంటికొచ్చాక నా ఫారం ఖాళీగా బల్ల మీద.
దాని కింద బ్యాంకు ఉత్తరం, వడ్డీ మళ్ళీ పెరిగింది.
మంగళవారం రాత్రి పడుకున్నానా? పడుకున్నాను.
మన మాటల్లో పడుకోడం వేరు, నిద్రపోడం వేరు.
వాళ్ళడిగింది మొదటిదే.

ఇంకో ఫారం మిగిలింది.
చెప్పులేసుకుని కార్మెనా వాళ్ళ సందులోకి వెళ్ళాను.
గరాజ్ తలుపు కింద సగం దాకా దూర్చాను.
లోపల లైటు టక్కున ఆరిపోయింది.
చీకట్లో కాసేపు ఇద్దరం కదల్లేదు.
తర్వాత, మెల్లిగా,
కాగితం లోపలికి వెళ్ళిపోయింది.